పిడి వేడెక్కడం లేదండి

నేను మంచును ముట్టుకున్నది మా ఇంటి ఫ్రిజ్‌లోనే. అయినా మూడేళ్లుగా మంచు మీద తిరిగే బళ్లను బాగుచేసే ఉద్యోగం చేస్తున్నాను. బండిని చూడను, చేత్తో తాకను. రాజమహేంద్రవరంలో ఒక ఆఫీసు మూడో అంతస్తులో చెవులకు హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటాను. కెనడాలో ఎవరో తన షెడ్డులో బండి పక్కన నిలబడి ఫోన్ చేస్తారు. ఏ కనెక్టరు ఊడదీయాలో, మీటరు ఏ రెండు పిన్నుల మధ్య పెట్టాలో నేను చెబుతాను. వాళ్లకు సాయంత్రమయ్యేసరికి మాకు తెల్లవారుతుంది కాబట్టి మా షిఫ్టు పొద్దున్న ఆరింటికి మొదలై రెండింటికి అయిపోతుంది.

ఆ బండిని స్నోమొబైల్ అంటారు. ముందు చక్రాల బదులు రెండు పలకలు, వెనక వెడల్పాటి రబ్బరు పట్టా, పైన మోటార్ సైకిల్‌కి ఉన్నట్టే సీటూ హ్యాండిలూ. ఆ హ్యాండిల్ పిడుల లోపల సన్నటి హీటరు తీగలుంటాయి. స్విచ్ వేస్తే పిడి వేడెక్కి చేతులు కొంకర్లు పోకుండా కాపాడుతుంది. బొటనవేలితో నొక్కే యాక్సిలరేటరుకు విడిగా మరో హీటరుంటుంది. ఈ హీటర్లూ, ఇంజను వేడినీ బయటి చలినీ కొలిచే సెన్సర్లూ నా విభాగం. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివినందుకు నాకు దక్కిన గౌరవం అది. మాకు ట్రైనింగ్ ఇచ్చింది రోహిణి కార్తెలో. బయట రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటుంటే, లోపల మేం పన్నెండుమందిమి కూర్చుని, పిడి వేడెక్కకపోతే మనిషి ఎంత బాధపడతాడో బట్టీపట్టాం.

నాకు కోపం ఎక్కువని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ కోపం బండి మీదా కాదు, ఫోన్ చేసినవాళ్ల మీదా కాదు. నా ఎదురుగా తెర మీద ఒక ప్రశ్నల జాబితా ఉంటుంది, దాని మీద. ఫ్యూజు చూశారా, కనెక్టరులో తుప్పుందా, ఓల్టేజి ఎంతుంది, హీటరు రెసిస్టెన్సు ఎంతుంది. అన్నీ వరసగా అడగాలి, ఒక్క ప్రశ్న దాటకూడదు, ఒక్కటి కలపకూడదు. చివరికి ఏమీ తేలకపోతే జాబితా ఎప్పుడూ ఒకటే మాట చెబుతుంది. పార్టు మార్చండి. తప్పు ఎక్కడుందో తెలియకపోయినా ఫరవాలేదు, పార్టు మారిస్తే చాలు. పాలిటెక్నిక్‌లో మా మాస్టారు ఈ మాట వింటే చాక్‌పీసు విసిరి కొట్టేవారు. నేను మాత్రం నెల తిరిగేసరికి జీతం తీసుకుంటూ రోజుకు పదిసార్లు ఆ మాటే చెబుతాను, అదీ సర్, మేడమ్ అంటూ ఎంతో మర్యాదగా.

ఇక మా అమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి.

అమ్మ పుట్టిల్లు నరసాపురం వైపు. పెళ్లై కొవ్వూరు వచ్చినా, నాన్న పోయినా, నేను ఉద్యోగంలో చేరినా లేసు అల్లడం మానలేదు. కొనకు కొక్కెమున్న చిన్న సూది, ఒళ్లో దారం ఉండ, అంతే తన ప్రపంచం. నా చిన్నతనంలో అమ్మ చేతుల వంక చూసి అల్లడం నేనెప్పుడూ చూడలేదు. టీవీలో సీరియల్ చూస్తూ, గోడవతల పక్కింటావిడతో కబుర్లాడుతూ, హోంవర్కు చేయనందుకు నన్ను తిడుతూ కూర్చుంటే, చేతులు వాటి పని అవి చేసుకుపోయేవి. తలెత్తి చూసేసరికి ఒళ్లో తెల్లటి పువ్వు తయారై ఉండేది.

రెండేళ్లుగా అది పోయింది. అమ్మ తల వంచుకుని, సూది కొన దగ్గరే చూపు పెట్టి, ఒక్కో ముడీ కళ్లతో వెతుక్కుంటూ అల్లుతోంది. లేసు అల్లే ఇళ్లలో ఇలాంటిది కనిపిస్తే ఎవరూ రెండో ఆలోచన చెయ్యరు. కళ్లు పోతున్నాయంటారు. మా అమ్మమ్మకు నలభై దాటగానే చూపు తగ్గింది, పెద్దమ్మకూ అంతే. ఆ పనిలో ముందు పోయేవి కళ్లేనని మా వాళ్లందరికీ గట్టి నమ్మకం. తలనొప్పి వచ్చినా కళ్లే, మెడ పట్టేసినా కళ్లే. అందుకని అమ్మకు కళ్లజోడు చేయించాను. ఆర్నెల్లకు మార్పించాను. తర్వాత మళ్లీ మార్పించాను.

ఒకరోజు అమ్మ బజారు నుంచి ఒక కాలికే చెప్పుతో తిరిగొచ్చింది. రెండో చెప్పు దారిలో ఎక్కడో జారిపోయింది. "చూసుకోలేదే" అంది. నేనూ పక్కింటావిడా కడుపు పట్టుకుని నవ్వాం. మూడో కళ్లజోడు ఆ వారమే కొన్నాను. అమ్మకు పదిహేనేళ్లుగా షుగరుంది, మాత్రలు వేసుకున్నావా అని అడిగితే వేసుకున్నానంటుంది. షుగరుకూ వీటికీ సంబంధం ఉందేమోనన్న ఆలోచన నాకు రాలేదు.

నేను చెప్పబోయే ఫోన్ రావడానికి ముందురోజు సాయంత్రం అమ్మ అట్లు పోస్తూ వేళ్లు కాల్చుకుంది. చూపుడు వేలూ మధ్యవేలూ పెనం అంచుకు ఆనించి ఉంచేసింది. వాసన వచ్చి నేనే పరుగెత్తాను. రెండు వేళ్ల మీదా బొబ్బలు లేచాయి. "చూసుకోలేదే" అంది మళ్లీ. నాకు ఒళ్లు మండిపోయింది. "మూడు కళ్లజోళ్లు కొన్నాను. ఒక్కటైనా పెట్టుకుని చావొచ్చుగా!" అని అరిచాను. అమ్మ చేతిని కొంగులో దాచుకుని వెళ్లి కూర్చుంది. ఆ కోపంతోనే మర్నాడు ఆఫీసుకు వెళ్లాను.

ఎనిమిదిన్నరకు ఆ ఫోన్ వచ్చింది. మాటలన్నీ ఇంగ్లీషులో జరిగాయి గానీ నాకు గుర్తున్నది నా భాషలోనే.

ఆయన పెద్దాయన. పశువులున్నాయి. మంచు పడ్డాక పాక దగ్గరకు దారి ఉండదు కాబట్టి, రోజూ ఆ బండి మీదే వెళ్లి వాటికి మేత వేసి వస్తాడు. పిడులు వేడెక్కడం లేదని మాకు ఫోన్ చెయ్యడం అది మూడోసారి. మొదటిసారి పిడులు మార్చాం. రెండోసారి స్విచ్చుతో సహా మార్చాం. ఈసారి ఆయన నా పేరు కూడా అడగలేదు.

"మీరు పంపినవీ అలాగే ఉన్నాయి. చేతులు చల్లగానే ఉన్నాయి. మీరు అమ్మేది హీటర్లా, ఉత్త రబ్బరు గొట్టాలా?"

ఆయనకు కోపం రావడం న్యాయం. ఆ మాటకొస్తే నాకే ఇంకా కోపంగా ఉంది. ఇద్దరం కోపంతోనే పని మొదలుపెట్టాం. ఇంజను స్టార్ట్ చెయ్యమన్నాను. కనెక్టరు ఊడదీసి మీటరు పెట్టమన్నాను. ఓల్టేజి సరిగ్గా ఉంది. హీటరు తీగ తెగిందేమో చూడమన్నాను. తెగలేదు, రెండు పిడులకూ రెసిస్టెన్సు ఉండాల్సినంతే ఉంది. తిరిగి కలిపి, స్విచ్ పూర్తిగా తిప్పి, కరెంటు ఎంత లాగుతోందో చూడమన్నాను. లాగాల్సినంతా లాగుతోంది. బొటనవేలి హీటరుదీ అదే కథ. బయటి చలిని కొలిచే సెన్సరు చూశాం. దాని తీగ తెగితే డిస్‌ప్లే మీద నమ్మలేనంత చలి కనిపిస్తుంది. అదీ లేదు, ఆయన షెడ్డు గోడ మీది థర్మామీటరూ బండీ ఒకే అంకె చెబుతున్నాయి.

అంత కరెంటు లాగే తీగ చల్లగా ఉండడం కుదరదు. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరం చదివినవాళ్లకెవరికైనా తెలిసిన సంగతే. కరెంటు పోతోందంటే వేడి పుట్టాలి. పుట్టిన వేడి ఎక్కడికి పోతోంది?

"ఇప్పుడు పిడి పట్టుకోండి సర్. ఎలా ఉంది?"

"చెప్పాగా. చల్లగానే ఉంది."

నా తెర మీద జాబితా చివరి గడి వెలిగింది. పార్టు మార్చండి. మూడోసారి! నాకు చిర్రెత్తుకొచ్చింది. ఆ గడి నొక్కి, ధన్యవాదాలు చెప్పి ఫోన్ పెట్టేస్తే నాకు నూటికి నూరు మార్కులు. ఆయనకు ఇంకో జత పిడులు, ఇంకో రెండు వారాలు చల్లటి చేతులు. నేను హెడ్‌సెట్ సర్దుకుని జాబితాలో లేని ప్రశ్న అడిగాను.

"ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా సర్? ఒకసారి పిలుస్తారా?"

గొణుక్కుంటూనే భార్యను పిలిచాడు. తలుపు చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించాయి. ఆమెను పిడి పట్టుకోమని చెప్పాడు. మరుక్షణం ఆమె కేక నా చెవిలో పడింది.

"కాలిపోతోంది! దీన్నెలా పట్టుకున్నావ్ ఇంతసేపు? ఏదీ, నీ చెయ్యి చూపించు."

తర్వాత ఆమే ఫోన్ తీసుకుంది. అరచేయి ఎర్రగా కందిపోయిందని, ఒకచోట తోలు లేచిందని చెప్పింది. వెనక ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. నాకేం తెలియలేదే, నాకేం తెలియలేదే అంటున్నాడు. పోయిన చలికాలం నుంచీ స్విచ్ రోజురోజుకూ ఇంకొంచెం తిప్పుతూ వచ్చాడట. పిడి పాడైందనుకున్నాడు. మేమూ అదే అనుకున్నాం. ఆయన అనుకున్నదాన్ని మా కాగితాలతో ముద్ర వేసి రెండుసార్లు ఖాయం చేశాం.

"అమ్మా, బండిలో లోపం లేదు. సారు చేతులకు స్పర్శ తగ్గినట్టుంది. స్విచ్ ఆపేయండి. ఆ చేతుల్ని పొయ్యి దగ్గరా వేడినీళ్లలోనూ పెట్టనివ్వకండి, కాలినా ఆయనకు తెలియదు. వెంటనే డాక్టరుకు చూపించండి" అన్నాను.

ఆమె థాంక్యూ అంది. ఫోన్ పెట్టేశాక తెర మీద మూడు గడులు కనిపించాయి. పార్టు మార్చాం, సరిచేశాం, తిరస్కరించాం. చెయ్యి పాడైందని రాయడానికి చోటు లేదు. మూడింటిలో ఏదీ నొక్కకుండా అలాగే కూర్చున్నాను.

గంట తిరక్కుండానే, మా కాల్స్ విని మార్కులు వేసే టీమ్ లీడరు నన్ను అద్దాల గదిలోకి పిలిచాడు. ఆయన ఎప్పుడూ గొంతు పెంచడు. ఎంత తిట్టినా అండి తగిలించే తిడతాడు.

"ఏంటండీ మేడమ్ ఇది? మనం డాక్టర్లమా అండి?"

"కాదండి. కానీ లోపం ఎక్కడుందో కనుక్కోవడమే కదండీ మన పని?"

"బండిలో లోపం కనుక్కోవడం మన పనండి. కస్టమరుకు వైద్యం చెప్పామంటే రేపు కేసు పెడతారు. ఈ కాల్‌కి మీకు సున్నా మార్కులండి. నేనేం చెయ్యలేను."

"ఆయన చెయ్యి కాలుతుంటే ఇంకో జత పిడులు పంపమంటారా అండి?"

"పంపాలండి. వారంటీలో పిడి ఉంది గానీ చెయ్యి లేదు కదండీ."

జోకు వేశాననుకుని నవ్వాడు కూడా. నేను మర్యాద మర్చిపోయాను. "మనమిద్దరం వెళ్లి ఆ పిడి పట్టుకుందాం రండి. మీరెంతసేపు నవ్వుతారో చూస్తాను" అన్నాను. గది తలుపు తెరిచే ఉంది. బయట పదకొండుమందీ తలలెత్తి చూశారు. ఆయన ముఖం మాడిపోయింది. మధ్యాహ్నానికి హెచ్చరిక మెయిల్ వచ్చింది. కింద, దయచేసి అర్థం చేసుకోగలరు అని రాసి ఉంది.

రెండింటికి బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికినా ఒళ్లు చల్లబడలేదు. బస్సు వంతెన ఎక్కింది. నాలో నేను టీమ్ లీడరుతో పోట్లాట కొనసాగిస్తూనే ఉన్నాను, అక్కడ తట్టని మాటలన్నీ ఇప్పుడు తడుతున్నాయి. ఏం మనుషులండీ మీరు? ఒక మనిషి చేతులు చల్లగా ఉన్నాయంటుంటే పిడి మారుస్తారు, మళ్లీ మారుస్తారు, మూడోసారీ మార్చమంటారు. ఒక్కసారి, ఒక్కసారైనా, ఆ చేతిని చూశారా?

ఆ మాట దగ్గర ఆగిపోయాను. మూడు కళ్లజోళ్లు.

కోపమంతా వెనక్కి తిరిగి నా మీదే పడింది. కిందికి చూడకుండా అల్లిన మనిషి చూసుకుంటూ అల్లుతోందంటే చూపు తగ్గిందని ఎలా అనుకున్నాను? చూపు తగ్గినవాళ్లు చూడడం తగ్గిస్తారు గానీ ఎక్కువ చేస్తారా? వేళ్లు చెప్పడం మానేశాయి కాబట్టి కళ్లతో వెతుక్కుంటోంది. కాలి నుంచి చెప్పు జారితే కళ్లతో చూసుకోవాలా, కాలికి తెలియదూ? వేలు కాలుతుంటే చూస్తేగానీ తెలియకపోవడం ఏంటి? ఊరుగాని ఊళ్లో, ముఖం తెలియని మనిషికి పన్నెండు పరీక్షలు చేయించి లోపం పట్టుకున్నాను. నా ఇంట్లో ఒక్క పరీక్ష చెయ్యలేదు, పైగా నిన్న అరిచాను. కొవ్వూరులో దిగాల్సిన స్టాపు దాటిపోయి, తర్వాతి స్టాపు నుంచి వెనక్కి నడిచాను.

అమ్మ గుమ్మం దగ్గర వెలుతురుకు కూర్చుని ఉంది. మూడో కళ్లజోడు ముక్కు మీదుంది. బొబ్బలున్న వేళ్లతోనే అల్లుతోంది. ఒక బొబ్బ చితికి, దారానికి తడి అంటుకుంది. ఆమె ముఖంలో నొప్పి లేదు.

నేను పక్కన కూర్చుని ఆ చెయ్యి పట్టుకున్నాను.

"అమ్మా, ఇది నొప్పెట్టడం లేదా?"

"అబ్బే, ఏం లేదే. చిన్నది."

"నిన్న పెనం తగిలినప్పుడు తెలిసిందా?"

అమ్మ చెయ్యి లాక్కోబోయింది. నేను వదల్లేదు.

"కొంచెం మొద్దుబారినట్టుంటాయి అంతే. అందరికీ ఉండేదే."

"ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లుంటుందేమో."

"రెండేళ్లా! మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే సూది లాక్కుంటావని."

"కళ్లజోడు కొన్నప్పుడల్లా కళ్లు బాగానే ఉన్నాయని చెప్పొచ్చుగా?"

"నువ్వు అడిగావేంటే? వచ్చావ్, తిట్టావ్, కొన్నావ్. ఇప్పుడు చెప్పాను కదా, ఏం చేస్తావ్? ఇంకో కళ్లజోడు కొంటావ్" అంది. అని కళ్లజోడు తీసి నా ఒళ్లోకి విసిరేసింది. అమ్మకు ఇంత కోపం రావడం నేను చూసింది తక్కువ. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ సాయంత్రం తెలిసింది. తర్వాత నేనే లేచి ఆ వేళ్లకు మందు రాసి గుడ్డ చుట్టాను. గట్టిగా చుట్టానేమోనని అడగబోయి మానేశాను. అడిగినా ఏం చెబుతుంది?

మర్నాడు సెలవు పెట్టి అమ్మను రాజమహేంద్రవరం ఆసుపత్రికి తీసుకెళ్లాను. వెళ్లేటప్పుడు బస్సులో కూడా అమ్మ ఒకటే పాట. "కొంచెం మొద్దు, అంతేనే. బలం మాత్రలిస్తే తగ్గిపోతుంది. అనవసరంగా సెలవు పాడుచేసుకున్నావ్." నేను పళ్లు బిగించి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. సూది వదలనక్కర్లేదని డాక్టరు నోట వినాలని అమ్మ ఆశ. దాచడం దేనికి, నాదీ అదే ఆశ.

డాక్టరు గారు నాకన్నా చిన్నావిడ. షుగరు ఎన్నాళ్లుగా ఉందని అడిగింది. షుగరు వల్ల స్పర్శ పోవడం కాళ్లలో మొదలై చేతులకు పాకుతుందని, ఎక్కడిదాకా వచ్చిందో చూద్దామని చెప్పింది. వేళ్లకు చుట్టిన గుడ్డ విప్పి, సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ పుల్ల తీసింది. దాని కొనకు గాలానికి కట్టే తీగంత సన్నటి నైలాన్ దారం ఉంది.

"కళ్లు మూసుకోండమ్మా. ఇది మీకు తగిలినప్పుడల్లా ఆఁ అనండి. సరేనా?"

"సరేనండి" అంది అమ్మ. నిటారుగా కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద చాపి, బళ్లో పరీక్షకు కూర్చున్న పిల్లలా కళ్లు గట్టిగా మూసుకుంది.

డాక్టరు గారు దారం కొనను అమ్మ కుడి చూపుడు వేలికి బొబ్బ లేనిచోట ఆనించి నొక్కింది. దారం వంగింది. అమ్మ ఏమీ అనలేదు. బొటనవేలికి ఆనించింది. మళ్లీ వంగింది. మధ్యవేలికి, ఉంగరపు వేలికి, చిటికెన వేలికి, అరచేతి మధ్యకు. ఎడమ చేతికి వచ్చి అక్కడా ఒక్కో వేలికీ నొక్కుతూ పోయింది. ప్రతిసారీ దారం విల్లులా వంగుతోంది. నేను కుర్చీ అంచు పట్టుకుని, ఒక్క ఆఁ కోసం అమ్మ పెదాల వంకే చూస్తున్నాను. పదివేళ్లూ అయిపోయాయి. డాక్టరు గారు పుల్ల పక్కన పెట్టి నా వైపు చూసింది.

అమ్మ ఇంకా కళ్లు తెరవలేదు. కాసేపు ఓపిగ్గా ఆగి, ఎంతో మర్యాదగా అడిగింది.

"ఇంకా మొదలుపెట్టలేదాండీ?"